గ్లూకోజ్ బాటిల్‌లో ఎన్ని బుక్కల బువ్వ?

"గ్లూకోజ్ ఎక్కుతున్నది గద సారూ, ఇంక పాలెందుకు? కడుపుల ఆనకపోతే ఎట్ల?"

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పిల్లల ఐసీయూ బయట బల్లల దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది. అడిగేది ఎక్కువగా నాయనమ్మో అమ్మమ్మో. లోపల మనవడు వెంటిలేటర్ మీద ఉన్నాడు, ముక్కులో పైపుంది, తల పక్కన బాటిల్ వేలాడుతోంది. ఆ బాటిలే బువ్వ అని ఆమె నమ్మకం.

ఆమెకు లెక్కతోనే జవాబు చెప్పాలి. ఐదు శాతం గ్లూకోజ్ అర లీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. నరానికి ఎక్కించే గ్లూకోజ్ గ్రాముకు 3.4 కేలరీలు ఇస్తుంది కాబట్టి బాటిల్ మొత్తానికి 85. వండిన అన్నంలో చెప్పుకుంటే 65 గ్రాములు, పెద్దవాళ్ల చేత్తో నాలుగు బుక్కలు. ప్రొటీన్ సున్నా. ఒక కోడిగుడ్డులో డెబ్బైకి పైగా కేలరీలు, ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. రెండు చిన్న చెంచాల నూనెలో 90 కేలరీలు. ఇక బాటిల్ మీద ఎన్‌ఎస్ అనో ఆర్‌ఎల్ అనో రాసి ఉంటే ఆ నాలుగు బుక్కలు కూడా లేనట్టే. అది ఉప్పునీళ్లు.

నాయనమ్మను చూసి నవ్వడం తేలిక. కానీ మంచం చివర వేలాడే చార్టు కూడా ఆమె లెక్కనే నమ్ముతోంది. ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టులో 300 మి.లీ. సెలైన్, 300 మి.లీ. పాలు ఒకే వరుసలో పడి 600 అవుతాయి. ఒంట్లోకి ఎన్ని నీళ్లు పోయాయి, మూత్రంలో ఎన్ని వచ్చాయి అని చూడటానికి పుట్టిన చార్టు అది. ఆ పని బాగానే చేస్తుంది. పిల్లవాడు నిన్న తిన్నాడా పస్తున్నాడా అంటే మాత్రం దాని దగ్గర జవాబు ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఐసీయూలో పిల్లల తిండిని మందు రాసినట్టు రాయాలి. ఏది, ఎంత, ఎన్ని గంటలకోసారి, అందులో నిజంగా లోపలికి పోయింది ఎంత, పోకపోతే ఎందుకు పోలేదు. యాంటీబయాటిక్ ఒక డోసు తప్పితే రౌండ్స్‌లో అడుగుతారు, సిస్టర్ సంజాయిషీ చెప్పుకోవాలి. ముక్కు పైపులో పోసే పాలు, అంటే ఫీడ్లు, నాలుగు తప్పితే అడిగే దిక్కు లేదు. "ఫీడ్స్ యాజ్ టాలరేటెడ్" అని కేస్‌షీట్‌లో రాసే వాక్యం నా దృష్టిలో ఆర్డరే కాదు. తట్టుకున్నంత అంటే ఎంతో ఎవరూ చెప్పరు, అడగరు.

తూకం వేయని పిల్లవాడు

డోసు రాయాలంటే ముందు బరువు కావాలి. మొదటి తప్పు అక్కడే జరుగుతుంది. ఫిట్స్‌తోనో ఆయాసంతోనో వచ్చిన పిల్లవాణ్ని తూకం వేసే తీరిక క్యాజువాలిటీలో ఉండదు. వయసును రెండుతో గుణించి ఎనిమిది కలిపే సూత్రం అందరికీ నోటికొచ్చు. ఏడాదిన్నర పిల్లవాడికి అది 11 కిలోలు చెబుతుంది. కాంటా మీద పడుకోబెడితే 8 రావచ్చు.

ఎందుకు రావచ్చో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019-21 నాటి ఆ ఐదో సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 21.7 శాతం. వాళ్లలోనే మరీ చిక్కిపోయినవాళ్లు మొత్తంలో 8.5 శాతం. అవి ఇళ్లలో ఉన్న పిల్లల అంకెలు. జబ్బుపడి ఐసీయూ దాకా వచ్చేవాళ్లలో చిక్కిన పిల్లల వాటా ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే చిక్కిన పిల్లవాడికే న్యుమోనియా ముదురుతుంది. తల్లిదండ్రులతో పుణెకో ముంబైకో వలసపోయి, ఏ అంగన్‌వాడీ రిజిస్టర్‌లోనూ పేరు లేకుండా ఆరు నెలలు గడిపి వచ్చిన పాలమూరు పిల్లలు అందులో ఉంటారు.

8 కిలోల పిల్లవాణ్ని 11 అనుకుంటే, కిలోకు 20 మి.లీ. చొప్పున వేగంగా ఎక్కించే సెలైన్ 160కి బదులు 220 అవుతుంది. చిక్కిన పిల్లల గుండె కండరం కూడా పలచబడి ఉంటుంది, ఆ అదనపు 60 దానికి బరువు. మొదట తూకం వేసి 8 అని రాసుకున్నా, మూడో రోజు కాంటా ఎనిమిదిన్నర చూపించి "బరువు పెరిగాడు" అనిపిస్తుంది. పెరిగింది నీరు.

అందుకని రెండు పనులు. పైపులు, చేతికి కట్టే చెక్కలు రాకముందే తూకం వేయడం, లేదా చెక్క బరువు తీసేసి లెక్కించడం. రెండోది ఎడమ చేతికి భుజం ఎముక కొనకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో కొలత పట్టీ చుట్టడం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఆ చుట్టుకొలత 11.5 సెం.మీ. కన్నా తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం, వేరే రుజువు అక్కర్లేదు. అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఉండే ఆ పట్టీ ఐసీయూ డ్రాయర్‌లో చాలాసార్లు దొరకదు. రెండు పాదాల మీద బొటనవేలితో నొక్కి సొట్ట పడుతుందేమో కూడా చూడాలి. "పోయిన నెల బక్కగున్నడు, ఇప్పుడు కొంచెం ఒళ్లు వచ్చింది" అని ఇంట్లోవాళ్లు సంతోషపడే పిల్లల్లో కొందరికి వచ్చింది ఒళ్లు కాదు, ఉబ్బు.

330 మి.లీ. చుట్టూ పంచాయతీ

ఇప్పుడు ఆ 8 కిలోల పిల్లవాడికే లెక్క కడదాం. మూడేళ్లలోపు మగపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం: బరువును 60.9తో గుణించి 54 తీసేయాలి. రోజుకు 433 కేలరీలు. జ్వరం ఉంది, ఇన్ఫెక్షన్ ఉంది అని దీనికి ఇంకో ముప్పై శాతం కలిపే పాత అలవాటు మానేయాలి. మత్తుమందుతో కదలకుండా పడుకున్న పిల్లవాడికి అంత ఖర్చు ఉండదు. మొదటి వారం ముగిసేలోగా ఇందులో మూడింట రెండొంతులు, అంటే 290 దాకా, చేరాలి. ప్రొటీన్ కిలోకు కనీసం 1.5 గ్రాములు, మొత్తం 12.

నీళ్ల లెక్క వేరే. మామూలుగా 8 కిలోలకు రోజుకు 800 మి.లీ. వెంటిలేటర్ మీద ఉంటే మూడింట రెండొంతులకు కుదిస్తారు, 530. మత్తు ఇన్ఫ్యూజన్లు, పడిపోయిన బీపీని నిలబెట్టే మందు, నాలుగు సార్లు యాంటీబయాటిక్ కలిపే నీళ్లు, ప్రతిదాని వెనకా లైన్ కడిగే సెలైన్ అన్నీ కలిపి 200 సులువుగా మింగేస్తాయి. మిగిలింది 330.

ఆ మిగిలిన 330 ఎవరిది అన్నదే అసలు పంచాయతీ. ఐదు శాతం గ్లూకోజ్‌తో నింపితే 56 కేలరీలు. ఆవుపాలతో నింపితే దాదాపు 220, ప్రొటీన్ పదిన్నర గ్రాములు. నూరు మి.లీ.కి నూరు కేలరీలుండే ఫీడ్‌తో నింపితే 330, ప్రొటీన్ తొమ్మిదిన్నర. వెన్న తీసిన పాలపొడి 7 గ్రాములు కలిపితే ప్రొటీన్ కూడా 12కు చేరుతుంది. ఒకే 330, ఒక చేతిలో 56, ఇంకో చేతిలో 330. అలవాటు కొద్దీ వేలాడదీసిన బాటిల్ ఒక్కటి పిల్లవాడి వాటా మొత్తం తినేస్తుంది. అందుకే పాలు పెరిగినకొద్దీ గ్లూకోజ్ చుక్కల వేగం తగ్గించాలని, ఏ మందును ఎంత తక్కువ నీళ్లలో కలపొచ్చో చూడాలని పదేపదే చెప్పాల్సి వస్తుంది.

లంఖణం పరమౌషధం?

ఇక్కడ ఎదురు వాదన బలమైనదే, పక్కకు నెట్టేది కాదు. లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అనలేదంటారు. ఆధునిక వైద్యంలోనూ ఆ మాటకు ఒక తోడు దొరికింది. 2016లో బయటికొచ్చిన పెపానిక్ అధ్యయనంలో బెల్జియంలోని లూవెన్, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్, కెనడాలోని ఎడ్మంటన్ ఐసీయూలకు చెందిన 1440 మంది పిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు తక్కువపడిన పోషకాహారాన్ని మొదటి రోజు నుంచే నరం ద్వారా ఇచ్చారు. రెండో గుంపుకు వారం దాకా అది ఇవ్వలేదు. కొత్త ఇన్ఫెక్షన్లు మొదటి గుంపులో 18.5 శాతం, రెండో గుంపులో 10.7. తొందరపడనివాళ్లే గెలిచారు.

ఆ ఫలితాన్ని నేను ఒప్పుకుంటాను. జబ్బు తీవ్రంగా ఉన్న మొదటి రోజుల్లో ఒళ్లు తన కండను తానే కరిగించుకుని చక్కెర తయారుచేసుకుంటూ ఉంటుంది, పైనుంచి పోసినా అది ఆగదు. ఎక్కువ పోస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఊపిరికే భారం. కానీ ఆ పరీక్ష నరం గురించి. పేగు గురించి కాదు. రెండు గుంపుల్లోనూ కడుపులోకి ఫీడ్లు వీలైనంత త్వరగా మొదలుపెట్టారు. మన జిల్లా ఆసుపత్రుల్లో నరం ద్వారా పూర్తి పోషణ ఇవ్వడమే అరుదు కాబట్టి, ఆ పేరు చెప్పి పాలు ఆపడం ఊరికే పస్తు పెట్టడమే అవుతుంది. పెద్దవాళ్ల లంఖణం వెనక కండా కొవ్వూ నిల్వ ఉంటాయి. చిన్నపిల్లల కాలేయంలో దాచుకున్న చక్కెర ఒక రాత్రికి చాలితే గొప్ప. ఆ తర్వాత కరిగే కండల్లో ఊపిరి లాగే కండరం కూడా ఉంది. రేపు వెంటిలేటర్ తీయాల్సింది దాని బలం మీదే.

నిజంగా ఆపాల్సిన సందర్భాలు కొన్నే. ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే షాక్ ఇంకా లొంగకుండా బీపీ మందు గంట గంటకూ పెరుగుతున్నప్పుడు, పేగు మూసుకుపోయినా చిల్లుపడినా, కడుపులో రక్తం పోతున్నా. బీపీ మందు ఒకే మోతాదులో నిలకడగా నడుస్తుంటే మొదలుపెట్టొచ్చు. పేగు శబ్దం స్టెతస్కోప్‌లో వినిపించే దాకా ఆగక్కర్లేదు. కిలోకు గంటకు అర మి.లీ. నుంచి ఒక మి.లీ. చొప్పున 24 గంటల్లోపు మొదలుపెట్టి, వాంతి లేకుండా పొట్ట మెత్తగా ఉంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి అంతే పెంచుకుంటూ పోవాలి. ప్రతి ఫీడ్‌కూ ముందు కడుపులో మిగిలింది లాగి కొలిచి, కొంచెం కనబడగానే తర్వాతి ఫీడ్ ఆపేసే అలవాటు వల్ల ఒరిగిందేమీ లేదు.

అసలైన లంఖణం ఎవరూ ఆర్డర్ వేయకుండానే జరుగుతుంది. మన పిల్లవాడికి రెండు గంటలకోసారి 27 మి.లీ. రాశారు, రోజుకు 12 సార్లు, 324. పొద్దున వెంటిలేటర్ ట్యూబ్ తీస్తామని ఆరింటి నుంచి ఆపారు. స్కాన్‌కు ఒక కేసు పోయింది, క్యాజువాలిటీలోకి పాము కాటు కేసు ఇంకోటి వచ్చింది, రెండింటికి "ఇవాళ వద్దు, రేపు చూద్దాం" అన్నారు. నాలుగు ఫీడ్లు పోయాయి, 108 మి.లీ. మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ రాయలేదు, ఇంకో రెండు పోయాయి. మర్నాడు పొద్దున ఆరింటి నుంచి మళ్లీ ఉపవాసం. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బయల్దేరి రెండు ఆసుపత్రులు మారిన పిల్లవాడికైతే ప్రతి చోటా ఈ గంటలు కొత్తగా మొదలవుతాయి. రిఫరల్ చీటీలో చివరి ఇంజెక్షన్ టైము ఉంటుంది, చివరిసారి పాలు తాగిన టైము ఉండదు.

దీనికి మందు ఖరీదైంది కాదు. ఆపినవాళ్లే ఎన్నింటికి మొదలుపెట్టాలో కూడా ఆ వరుసలోనే రాయడం. ట్యూబ్ తీసే ముందు ఉపవాసం తల్లిపాలకు నాలుగు గంటలు, పోతపాలకు ఆరు గంటలు చాలు, అర్ధరాత్రి నుంచి అక్కర్లేదు. పోయిన 108ని మిగిలిన ఫీడ్లలో తలా కొంచెం పెంచి ఆ రోజే పూడ్చడం.

పస్తు తర్వాతి విందు

ఇదంతా చదివి, చిక్కిపోయిన పిల్లవాడికి మొదటి రోజే పూర్తి లెక్క పోస్తే ప్రాణం మీదికొస్తుంది. వారాల తరబడి అరకొరగా తిన్న ఒంట్లోకి ఒక్కసారిగా చక్కెర పడితే ఇన్సులిన్ లేస్తుంది, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూకుతాయి. గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరం నీరసిస్తుంది. మొదటి మూడు నుంచి ఐదు రోజులు దీని గండం. అప్పుడు ఈ మూడింటినీ రోజూ చూడాలి, థయామిన్ (బి1 విటమిన్) ముందే ఇవ్వాలి, ఐరన్ మొదటి వారం ముట్టకూడదు.

దీని నింద పాల మీద వేస్తారు. పాలలో ఫాస్ఫేట్ ఉంది, గ్లూకోజ్ బాటిల్‌లో లేదు. ఫీడ్ ఇంకా మొదలుపెట్టనే లేదు కదా అని ధీమాగా ఉండగా, రెండు రోజులుగా ఎక్కుతున్న బాటిలే ఫాస్ఫేట్‌ను కిందికి లాగేసి ఉండొచ్చు.

ఇక్కడ రెండు పుస్తకాలు కొట్లాడుకుంటాయి. పోషకాహార పునరావాస కేంద్రం పుస్తకం ప్రకారం 6 కిలోల బిడ్డకు ఎఫ్-75 పాలు (బాగా చిక్కిన పిల్లలకు మొదట పట్టేవి, నూరు మి.లీ.కి 75 కేలరీలు) కిలోకు 130 మి.లీ., అంటే రోజుకు 780 మి.లీ., 585 కేలరీలు. ఐసీయూ సూత్రం అదే బిడ్డకు 311 అంటుంది, నీళ్లూ సగం చాలంటుంది. నా మొగ్గు ఇది: వెంటిలేటర్ మీద, షాక్‌లో ఉన్నన్నాళ్లూ కొలత ఐసీయూది, పాలు ఎఫ్-75వి. ట్యూబ్ తీసి, బిడ్డ గిన్నె వైపు చూడటం మొదలుపెట్టాక పునరావాస కేంద్రం పట్టిక.

ఎఫ్-75 పొడి దొరకనప్పుడు వార్డులోనే కలుపుకోవచ్చు. కాచిన ఆవుపాలు 300 మి.లీ., చక్కెర 100 గ్రాములు, నూనె 20 మి.లీ., ఖనిజాల మిశ్రమం 20 మి.లీ., కాచి చల్లార్చిన నీళ్లు మొత్తం లీటరు అయ్యేదాకా. ఈ చివరి మాట దగ్గరే తప్పు జరుగుతుంది. "లీటరు అయ్యేదాకా" అన్నది "లీటరు నీళ్లు" అయి, 75 కేలరీల పాలు 54కు పలచబడతాయి. తర్వాతి దశ ఎఫ్-100కు పాలు 880, చక్కెర 75 గ్రాములు, మిగతావి అవే. డబుల్ టోన్డ్ ప్యాకెట్‌తో చేస్తే లెక్క తప్పుతుంది, వెన్న చాలావరకు తీసేసిన పాలవి.

పైపు పట్టుకునేది ఎవరు

పది మంది పిల్లలు, తలా 12 ఫీడ్లు, రోజుకు 120. ఒక్కోటి పావుగంట. షిఫ్టుకు ఇద్దరో ముగ్గురో సిస్టర్లు. నా వాదన మీద నాకే ఉన్న పెద్ద సందేహం ఇది. చార్టులో ఇంకో మూడు గడులు పెంచమనడం సులువే, నింపాల్సిన చేతులు ఇప్పటికే ఖాళీగా లేవు. తొందరలో సిరంజి పిడి నొక్కి పాలు ఒక్క నిమిషంలో తోసేస్తే వాంతి, దాంతో "తట్టుకోవట్లేదు" అన్న ముద్ర, మళ్లీ పస్తు.

బయట బల్ల మీద కూర్చున్న తల్లి చేతులు ఖాళీగా ఉన్నాయి. పైపు కడుపులోనే ఉందని సిస్టర్ చూశాక సిరంజి తల్లికి ఇవ్వొచ్చు. అలా చూడటమంటే గాలి కొట్టి పొట్ట మీద వినడం కాదు, దాన్ని నమ్మడానికి లేదు. లాగిన రసం పీహెచ్ 5.5 లోపు ఉండాలి, అనుమానముంటే ఎక్స్‌రే. తల వైపు ముప్పై డిగ్రీలు ఎత్తి, పిడి తీసేసిన సిరంజిని బిడ్డ పొట్ట కన్నా జానెడు పైన పట్టుకుంటే పాలు వాటంతటవే దిగుతాయి. ఆఖర్న మూడు నుంచి ఐదు మి.లీ. నీళ్లు, లేకపోతే పైపు మూసుకుపోతుంది. పైపులు పూడ్చేసేది ఎక్కువగా సరిగ్గా నూరని మాత్రలే. నూనె కలిపిన పాలను పంపులో పెడితే నూనె తేలిపోయి సిరంజి గోడకే అంటుకుంటుంది. పిండిన తల్లిపాల మీగడా అంతే. సిరంజి మూతి పైకి ఉండేలా పంపును వంచి పెడితే మీగడ ముందు పోతుంది.

తల్లిని లోపలికి రానిస్తే ఇన్ఫెక్షన్ అంటారు, చేతులు కడిగిస్తే సరి. అసలు భయం వేరే: ఎవరూ చూడనప్పుడు "నోరెండిపోయింది" అని చెంచాతో నీళ్లు పోయడం. మత్తులో ఉన్న బిడ్డకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సిరంజి చేతికిచ్చి నేర్పిన తల్లికి ఆ అవసరం అనిపించదు. పాలు పోతున్నాయని ఆమె కళ్లతో చూస్తోంది కాబట్టి.

"మామూలుగనే పెట్టమ్మా"

పన్నెండో రోజు డిశ్చార్జి. కాగితం మీద సిరప్ 2.5 మి.లీ. రోజుకు రెండుసార్లు అని రాసి ఉంటుంది. కింద, ఆహారం: మామూలుగా. "ఏం తినవెట్టాలె సార్" అని తల్లి అడిగితే జవాబు కూడా అదే. మామూలుగా పెట్టిందే కదా బిడ్డను 8 కిలోల దగ్గర ఆపింది.

గ్లాసు నీళ్లలో చెంచాడు రాగిపిండి వేసి కాచిన జావలో పాతిక కేలరీలుంటాయి. అదే జావలో ఒక చిన్న చెంచా నూనె వేస్తే 70. పిల్లవాడి పొట్ట అంతే, పని మూడింతలు. పలచటి జావ నాలుగుసార్లు తాగించే బదులు, పప్పూ అన్నం మెత్తగా పిసికి ప్రతి గిన్నెలో చెంచా నూనె, రోజుకో గుడ్డు, అయిదారు సార్లు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఇంట్లో అందరికీ పంచే పిండి కాదు, ఈ బిడ్డ వాటా. ఈ మాటలు సిరప్ డోసు కింద రాయడానికి రెండు వరుసలు పడతాయి.

చేతి కొలత 11.5 దాటని బిడ్డను ఇంటికి కాదు, పునరావాస కేంద్రానికి పంపాలి. పత్తి ఏరే రోజుల్లో తల్లి రెండు వారాలు అక్కడ కూర్చోలేనంటుంది. కూలి పోతుంది, ఇంట్లో ఇంకో పిల్ల ఉంది. అక్కడ ఉన్నన్నాళ్లూ కూలి నష్టానికి ఎంతో కొంత కట్టిస్తారని చెప్పాలి. అప్పటికీ కుదరదంటే తిట్టి లాభం లేదు. కాగితం మీద తేదీ, బరువు, ఎడమ చేతి చుట్టుకొలత ఎన్ని సెంటీమీటర్లో రాసి ఇవ్వాలి. పదిహేను రోజులకు అంగన్‌వాడీ టీచర్ అదే చేతికి పట్టీ చుట్టి పక్కన ఇంకో అంకె రాస్తుంది.